ఓడినవాళ్ల మంద

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 2018లో ఎల్క్ వేటకు అనుమతి ఇచ్చారు. పాతికేళ్ల నాడు ఒక్కటంటే ఒక్కటి కూడా లేని జంతువు అది. 1995లో పొరుగున ఉన్న మిషిగన్ నుంచి 25 ఎల్క్‌లను తెచ్చి క్లామ్ లేక్ అనే చిన్న ఊరి దగ్గర అడవిలో వదిలారు. అవి పిల్లల్ని కని, తోడేళ్లకు కొన్ని, రోడ్లకు కొన్ని బలై, మెల్లమెల్లగా పెరిగి, ఇరవై మూడేళ్లకు వేట కోటాకు తగినన్ని అయ్యాయి. కోటా అంటే పదే పది. అందులో సగం అక్కడి ఆదివాసులైన ఓజిబ్వే తెగల వాటా. మిగిలిన ఐదు లైసెన్సుల్లో ఒకటి ఒక సంస్థ నడిపిన రాఫిల్‌కు పోగా, మామూలు జనానికి లాటరీలో దక్కేవి నాలుగు. ఆ నాలుగింటి కోసం తలకు 10 డాలర్లు కట్టినవాళ్లు 38,000 మంది పైచిలుకు.

ఈ లెక్క చదివి మొదట నవ్వుకున్నాను. తిరుమల ఆర్జిత సేవల లక్కీడిప్పే ఇంతకన్నా దయగలది అనిపించింది. తరువాత ఇంకో సంగతి తెలిసింది. ఆ పది డాలర్లలో ఏడు ఎల్క్‌ల పనికే ఖర్చుపెట్టాలట. అంటే ఒక్క తూటా పేలకముందే ఆ మంద పేరున రెండున్నర లక్షల డాలర్లు దాటి జమపడింది. కట్టినవాళ్లలో నలుగురు తప్ప అందరూ ఓడిపోయారు. ఓడిపోతామని వాళ్లకు ముందే తెలుసు. పదివేల మందిలో ఒక్కడికి తగిలే చీటీ తనకే తగులుతుందని నమ్మి పెళ్లాం పిల్లలకు మాంసం మాటిచ్చినవాడు ఎవడూ ఉండడు. మరి ఏం కొన్నట్టు వాళ్లు?

ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతూ చాలా చదివాను. ఒక శరత్కాలంలో వెళ్లి ఆ జంతువును చూశాను కూడా.

ఎల్క్ అంటే, నల్లమలలో కణుజును చూసినవాళ్లకు సులువుగానే అర్థమవుతుంది. దానికి దూరపు చుట్టం. ఒళ్లు ఇంకా పెద్దది, కొమ్ములు ఇంకా విశాలం. ఎదిగిన మగది మూడు క్వింటాళ్లు తూగుతుంది. ఏటా వసంతంలో కొమ్ములు రాల్చుకుని, వేసవి అంతా కొత్తవి పెంచుకుని, శరత్తులో వాటితో పోట్లాడుతుంది. తెల్లవాళ్లు వచ్చిన కొత్తలో ఇవి ఉత్తర అమెరికా ఖండపు తూర్పు భాగంలో కూడా మందలుగా తిరిగేవి. మాంసానికీ తోలుకూ చంపారు, సేద్యానికి అడవి నరికారు. కెంటకీలో వాళ్ల అంతర్యుద్ధానికి ముందే కనబడకుండా పోయాయి. పెన్సిల్వేనియా అడవుల్లో 1870ల దాకా ఏవో కొన్ని కాలం గడిపాయి. పడమటి కొండల్లో మిగిలినవాటికీ శాంతి లేదు. ఎల్క్ పై దవడలో రెండు కోరపళ్లు దంతంలా మెరుస్తాయి. ‘ఎల్క్స్’ అని పేరు పెట్టుకున్న ఒక సోదర సంఘం సభ్యులు ఆ పళ్లను గడియారం గొలుసులకు వేలాడదీసుకునేవాళ్లు. ఆ ఫ్యాషన్ కోసం పళ్లు పీక్కుని కళేబరాలు వదిలేసిన వేటగాళ్లు ఉన్నారు. తాము ఏ జంతువు పేరు పెట్టుకున్నారో దానికే ఎసరు పెడుతున్నామని తెలిసొచ్చాక ఆ సంఘమే పళ్లు వద్దంది. భక్తి ఎంత ఆలస్యంగా వివేకమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

వెళ్లగొట్టినదాన్ని తిరిగి తెచ్చుకోవడంలో పెన్సిల్వేనియా ముందు నడిచింది. 1913లో యెల్లోస్టోన్ నుంచి 50 ఎల్క్‌లు రైలెక్కి వచ్చాయి. ఒక్కోదానికి సుమారు 30 డాలర్లు అయింది. తరువాతి ఏళ్లలో ఇంకొన్ని వచ్చాయి. పదేళ్లు తిరిగేసరికి, 1923లో, వేట మొదలుపెట్టేశారు. నియమం లేకుండా ఏమీ కాదు. మగవాటినే కొట్టాలి. కొమ్ముకు ఒక పక్కన కనీసం నాలుగు కొనలైనా ఉండాలి. తొమ్మిది సీజన్లు సాగిన ఆ వేటలో చట్టప్రకారం చచ్చినవి మొత్తం వంద లోపే. అయినా 1931 సీజన్ తరువాత వేట మూసెయ్యాల్సి వచ్చింది. 1936 నాటికి రాష్ట్రం మొత్తం మీద మిగిలినవి 14 అని అంచనా.

తొమ్మిదేళ్లలో వందలోపు మగవి పోతే మంద ఎలా కూలిపోతుంది? నేను ఆగి ఆలోచించింది ఇక్కడే. మగ ఎల్క్ ఒక్కటే పది పదిహేను ఆడవాటిని వెంటేసుకుని తిరిగే రకం. నాలుగు మగవి పోయినా మిగిలిన మగవి ఆ పని చూసుకుంటాయి. మంద తగ్గాలంటే ఆడవి పోవాలి. అవి పోయాయి. లైసెన్సుతో కాదు. పంట మేసిందని రైతు కాల్చినవి, రాత్రిపూట దొంగచాటుగా కొట్టినవి ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు. ఆ రోజుల్లో ఆ మంద ఎవరిది? ప్రభుత్వం తెచ్చింది, రైలు దించింది. కొండల మధ్య మొక్కజొన్నా బంగాళాదుంపా పండించుకునే రైతుకు దాంతో ఉన్న చుట్టరికమల్లా కంచె దగ్గరే. తన పేరున దానికి ఒక డాలరైనా కట్టినవాడు ఊళ్లో లేడు. లెక్కలో ఉన్న వేట ఆ మందను చంపలేదు, కాపాడనూ లేదు.

ఆ తరువాత డెబ్భై ఏళ్లు తుపాకీ మాటే లేదు. మంద మటుకు కష్టాలు పడుతూనే ఉంది. 1970ల నడుమ నలభైకి దిగువకు పడిపోయింది. అప్పుడు పట్టింది మెదడు పురుగు. తెల్లతోక జింకల్లో ఈ పురుగు ఉంటుంది, వాటినేమీ చెయ్యదు. జింక పేడలోంచి పిల్ల పురుగు నత్తలోకి చేరుతుంది. గడ్డితో పాటు నత్తను మింగిన ఎల్క్‌కు మాత్రం అది వెన్నుపాముకూ మెదడుకూ ఎక్కుతుంది. మెడ వంకరపోయి, ఒకేచోట గిరగిరా తిరిగి, తిండి మాని చస్తుంది. చంపేవాడు లేకపోతే చాలు, బతికేస్తుందని అనుకునేవాళ్లకు ఆ దశాబ్దాలు మంచి జవాబు. మేత చేలు వేసి, కంచెలు కట్టి, కొన్నిటిని పట్టి జనం తక్కువున్న అడవులకు తరలించి, ఇరవయ్యో శతాబ్దం చివరకు మందను వందల్లోకి తెచ్చారు. 2001లో మళ్లీ వేట తలుపు తెరిచారు. లైసెన్సులు 30, సగం మగవాటికి, సగం ఆడవాటికి. దరఖాస్తులు 50,000 దాటాయి.

కెంటకీ కథ వేరు. అక్కడ ఎల్క్ రావడానికి ముందు కొండలు పోయాయి.

ఆ రాష్ట్రం ఆగ్నేయ మూల అంతా బొగ్గు సీమ. సొరంగాలు తవ్వి తవ్వి విసుగెత్తి, కొండ నెత్తిన మందుగుండు పెట్టి పైభాగం లేపేసి పొరలు తోడుకోవడం మొదలుపెట్టారు. తీసిన మట్టిని లోయల్లోకి తోశారు. 1977లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం, తవ్విన నేలను చదును చేసి ఏదో ఒకటి మొలిపించి వదలాలి. బుల్‌డోజర్ల కింద నలిగి రాయిలా బిగిసిన ఆ నేలలో చెట్టు వేరు దిగదు. గడ్డి గింజలూ లెస్పెడీజా లాంటి పొదల విత్తనాలూ చల్లి కంపెనీలు చేతులు దులుపుకున్నాయి. పూర్వం దట్టమైన అడవి ఉన్న కొండల మీద విశాలమైన గడ్డి మైదానాలు లేచాయి. గడ్డి మేసే పెద్ద జంతువుకు అంతకంటే ఏం కావాలి? సేద్యం తక్కువ, ఊళ్లు పలచన, పంట తగాదా లేదు. 16 కౌంటీలను ఎల్క్ మండలంగా గీశారు. 1997 డిసెంబరులో కాన్సాస్ నుంచి ఏడు ఎల్క్‌లు ట్రక్కులో దిగాయి. చలిలో వేలమంది వచ్చి నిలబడ్డారు. గవర్నర్ పాల్ పాటన్ కూడా వచ్చాడు. 2002 దాకా పడమటి రాష్ట్రాల నుంచి తెస్తూనే ఉన్నారు. మొత్తం 1,500 దాటాయి.

ఇందులో నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. కొండను చంపినవాళ్లు, చూడండి ఎల్క్‌లకు ఇల్లు కట్టిచ్చాం అని చెప్పుకునే వీలు కలిగింది. ఎల్క్ తప్పేం లేదు అందులో. గడ్డి ఎవడు చల్లాడో అది అడగదు. మనం అడగాలి.

కెంటకీలో మొదటి వేట 2001లో జరిగింది, 12 పర్మిట్లతో. తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. దిగుమతి 2002 దాకా నడిచింది. ఒక పక్క ట్రక్కుల్లోంచి ఎల్క్‌లు దిగుతుండగానే ఇంకో పక్క తుపాకులు లోపలికి వచ్చాయి. తెలుగు బుర్రకు ఇది అతిథి మర్యాదలా తోచదు. కాళ్లకు నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, వంటింట్లో కత్తి నూరినట్టు ఉంటుంది. పెన్సిల్వేనియా పదేళ్లు ఆగి మరీ చేతులు కాల్చుకుంటే, వీళ్లు నాలుగేళ్లయినా ఆగలేదే అని నేనూ నొసలు చిట్లించాను. అయినా మంద చెక్కుచెదరలేదు. పదేళ్లకల్లా పదివేల లక్ష్యానికి చేరింది. మిసోరీకి, వర్జీనియాకి, విస్కాన్సిన్‌కి తన మందలోంచి ఎల్క్‌లను పంపే స్థితికి ఎదిగింది. నిన్నటి అరువుగిరాకీ ఇవాళ అప్పిచ్చే ఆసామి అయ్యాడు.

ఎందుకు నిలిచిందో తెలుసుకోవాలంటే ఆ ట్రక్కుల బాడుగ ఎవరిచ్చారో చూడాలి. ఖర్చులో పెద్ద భాగం రాకీ మౌంటెన్ ఎల్క్ ఫౌండేషన్ మోసింది. 1984లో మాంటానాలో పుట్టిన ఆ సంస్థలో ఎక్కువమంది వేటగాళ్లే. వేట తెరుస్తామన్న మాట మొదటి రోజు నుంచీ బహిరంగంగానే ఉంది. దీనికి వెనక ఇంకో పాత ఏర్పాటు కూడా ఉంది. 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం, పొడవు తుపాకుల మీదా తూటాల మీదా 11 శాతం సుంకం వేసి ఆ డబ్బును రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచుతారు. అక్కడి జీవశాస్త్రవేత్త జీతం, ఎల్క్ మెడకు కట్టే రేడియో పట్టీ, కొండ మీద మేత గడ్డి, వీటిలో కొంత భాగం తుపాకీ కొట్లో బిల్లుగా మొదలవుతుంది. ఇది అందమైన ఏర్పాటని నేను అనను. అది పనిచేసిందని మాత్రం ఒప్పుకుంటాను.

పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ దగ్గర మా మేనల్లుడు ఉంటాడు. శనివారం పెన్‌హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లకపోతే వాడికి వారం గడిచినట్టుండదు. గుడ్డు కూడా ముట్టడు. వాడి పక్కింటాయన ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరైన పెద్దమనిషి. నేను వెళ్లిన ఏడు సెప్టెంబరు ఆఖర్లో మమ్మల్నిద్దర్నీ తన ట్రక్కులో ఎక్కించుకుని బెనెజెట్ తీసుకెళ్లాడు. ఆ రాష్ట్రంలో ఎల్క్ చూడాలంటే ఆ ఊరే. జనాభా వందల్లో. ఆ రోజుల్లో మాత్రం కొండదారి పొడుగునా కార్లు.

విన్‌స్లో హిల్ మీద మడత కుర్చీలు వేసుకుని జనం. పిల్లలకు దుప్పట్లు, ఫ్లాస్కుల్లో కాఫీ, మూరెడు లెన్సులున్న కెమెరాలు. పొద్దు వాలుతుండగా చెట్ల అంచు నుంచి ఒక మగది కూసింది. ఆ ఒంటికి ఆ గొంతు ఎలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. లోతుగా మొదలై, సన్నగా పైపైకి ఎక్కి, ఈలగా సాగి, ఉన్నట్టుండి గురగురమని తెగిపోయింది. కుర్చీలన్నీ ఒక్కసారి నిశ్శబ్దమైపోయాయి. ఆడవాటిని పోగేసుకుంటూ, వెనకబడ్డదాన్ని కొమ్ములతో అదిలిస్తూ, అది మాకు యాభై గజాల దూరంలోంచి నడిచి పోయింది. మమ్మల్ని పట్టించుకోలేదు.

పెద్దాయన 2001 నుంచీ ఏటా దరఖాస్తు పెడుతున్నాడట. రాలేదు. దాన్ని చూపించి, మీకు చీటీ వస్తే ఇలాంటిదే కదా కావాలి అన్నాను. మొహం అదోలా పెట్టాడు.

“దీన్నా? మనిషిని చూసి పారిపోనిదాన్ని కొడితే అది వేట ఎందుకవుతుంది?”

అక్కడ సందర్శకులు గుమిగూడే చోటు చుట్టూ కొంత మేర వేట నిషేధం. దాటితే అనుమతి. అంటే కొండకు ఇవతల పక్క పేరు పెట్టి పిలుచుకునే జంతువే, లోయ దాటిపోతే కోటాలో అంకె అవుతుంది. దీనిమీద ఆ ఊళ్లో తగువులున్నాయి. ఎల్క్‌ను చూడ్డానికి వచ్చేవాళ్లతో హోటళ్లు నడుస్తాయి. వేటగాళ్లు ఏటా వంద పైచిలుకు. చూసేవాళ్లు లక్షల్లో. చూసేవాళ్ల వాటా డబ్బు కాఫీకీ టీషర్టులకీ పోతుంది, మందకు నేరుగా చేరేది తక్కువ. దరఖాస్తుదారు పది పన్నెండు డాలర్లు మటుకు నేరుగా వెళ్తాయి. కుర్చీల్లో కూర్చుని పులకించిన మేం ఆ సాయంత్రం మందకు ఏమిచ్చాం? నేనైతే ఒక అయస్కాంతం బొమ్మ కొన్నాను, ఫ్రిజ్‌కు అంటించుకునేది.

మన దేశంలో 1972 చట్టం వేట తలుపు మూసేసింది. మంచి పనే చేసింది. అంతకుముందు జమీందార్లూ దొరలూ పులి మీద కాలేసి దిగిన ఫొటోలు చూస్తే ఆ తలుపు ఎందుకు మూశారో చెప్పక్కర్లేదు. కానీ మూసిన తలుపుకు ఒక కిటికీ ఉంది. ఫలానా జంతువు పంటకో ప్రాణానికో ముప్పు అయిందని ప్రభుత్వం ప్రకటిస్తే దాన్ని చంపొచ్చు. 2016 జూన్‌లో బీహార్‌లోని మొకామాలో అలాగే నీల్‌గాయిలను కాల్చారు. రెండొందల పైమాటే. కాల్చడానికి వెళ్లింది మన హైదరాబాదు షూటర్లు. అప్పటి కేంద్రమంత్రి మేనకా గాంధీ సొంత ప్రభుత్వంలోని పర్యావరణ శాఖ మీదే విరుచుకుపడ్డారు. రైతులు మటుకు షూటర్లను దేవుళ్లలా చూశారు. మన ఊళ్లలో అడవిపంది సంగతి ఇంకా మొరటు. వేరుశనగ చేనంతా రాత్రికి రాత్రే బోర్లించి పోతుంది. రైతు దరఖాస్తు పెట్టి, పరిహారం కోసం ఆఫీసు చుట్టూ తిరిగి, చివరకు చేను గట్టున కరెంటు తీగ కడతాడు. ఆ తీగకు పంది పడొచ్చు, చిరుత పడొచ్చు, తెల్లారి నీళ్లు కట్టడానికి వచ్చిన పాలేరు పడొచ్చు.

కోపం వస్తే తప్ప మన దగ్గర జంతువును చంపే అనుమతి రాదు. జంతువు కావాలనుకునేవాళ్లు పెరిగాక అమెరికా కొండల్లో అనుమతి వస్తుంది. నాకు ఈ తేడా అన్నిటికన్నా వింతగా తోచింది. నీల్‌గాయి మొకామా రైతుకు బతికున్నా నష్టం, చచ్చినా లాభం లేదు. అది మళ్లీ వచ్చే ఏడు కూడా ఉండాలని కోరుకునే కారణం అతనికి ఒక్కటీ లేదు. ఎల్క్ వేటగాడి చేతిలో తుపాకీ ఉంది, దాంతోపాటు వచ్చే ఏడు కూడా మంద ఉండాలన్న స్వార్థమూ ఉంది. కెంటకీలో ఎల్క్ మేసే పొలమున్న ఆసామి జనాన్ని వేటకు రానిస్తే, అతనికి పాయింట్లు వేసి పర్మిటు ఇచ్చే పద్ధతి పెట్టారు. ఎల్క్ కంచె తొక్కినా, అతను తుపాకీ కోసం లేవడానికి ముందు ఒక్క క్షణం లెక్క వేసుకుంటాడు. 1923లో పెన్సిల్వేనియా రైతుకు ఆ ఒక్క క్షణం లేదు.

అయితే ఆ పద్ధతి ఇక్కడ నాటితే మొలుస్తుందా అని అడిగితే, మొలవదనే అంటాను. ఆఫ్రికా నుంచి 2022లో కునోకు చీతాలు వచ్చాయి. ఇరవై ఏళ్లకు అవి వందలైతే, పది చీటీలు తీసి వేట పెడదామని ఏ మంత్రైనా అనగలడా? అననక్కర్లేదు కూడా. ఇంతమంది ఉన్న చోట, ఇంత ఇరుకైన అడవుల్లో, తుపాకీ లైసెన్సు ఎవరి చేతికి పోతుందో మనకు తెలుసు. లాటరీ నిజంగా లాటరీగా ఉంటుందని నమ్మడానికి కూడా ఒక అలవాటు కావాలి.

వాళ్ల దగ్గర మాత్రం అంతా లాటరీయేనా? చాలా రాష్ట్రాల్లో ఒకటో రెండో లైసెన్సులు పక్కనపెట్టి వేలం వేస్తారు. టెనసీలో 2009లో మొదటి వేటకు ఐదు పర్మిట్లు ఇస్తే, నాలుగు లాటరీకి, ఒకటి వేలానికి పోయింది. ఆ ఒక్కదాన్ని కొన్నవాడు పది డాలర్లతో వరసలో నిలబడలేదు. ఆ డబ్బు కూడా ఎల్క్‌లకే పోతుందంటారు, నిజమే. ఉక్కు ఫ్యాక్టరీ పెద్దాయన ఇరవై ఏళ్లకు పైగా ఎదురుచూస్తున్న దాన్ని ఒకాయన చెక్కు రాసి పట్టుకుపోవడం చూసి కూడా నేను ‘నిజమే’ అని ఊరుకోలేను.

ఇంకో చిక్కు ఇంతకన్నా పెద్దది. ఎవరో ఒకరు కొట్టాలనుకునే జంతువుకే ఈ దారి ఉంది. ఎల్క్ తిరిగే కెంటకీ, టెనసీ కొండల కింది వాగుల్లో మంచినీటి ఆలిచిప్పలు ఉండేవి, లెక్కలేనన్ని రకాలు. ప్రపంచంలోనే అంతటి వైవిధ్యం అరుదు. గనుల బురదకూ, ఆనకట్టలకూ చాలా రకాలు పోయాయి, ఉన్నవి కష్టంగా బతుకుతున్నాయి. వాగు నీటిని వడకట్టి శుభ్రం చేసేవి అవే. వాటి కోసం పది డాలర్లు కట్టి చీటీ ఎత్తే మనిషి ఎక్కడున్నాడు? ఆలిచిప్పను గోడకు తగిలించుకోలేం. శరత్కాలంలో అది కూయదు. మడత కుర్చీ వేసుకుని దానికోసం ఎవరూ ఎదురుచూడరు. కొమ్ములున్నవాటి వంక తిరిగినంత సులువుగా డాలరు చిప్పల వంక తిరగదు. వేటగాళ్ల డబ్బుతో నడిచే ప్రకృతి రక్షణకు ఉన్న ఈ పక్షపాతం తెలిసి కూడా దాన్ని మెచ్చుకోవాల్సి రావడం ఇబ్బందిగానే ఉంది.

ఓజిబ్వేల వాటా సంగతి మొదట్లో ఒక మాటలో దాటేశాను, అది అన్యాయం. 1837లోనూ 1842లోనూ భూములు వదులుకుంటూ సంతకాలు చేసినప్పుడు, ఆ నేల మీద వేటాడే, చేపలు పట్టే హక్కు తమకే ఉంచుకున్నారు వాళ్లు. నూట నలభై ఏళ్లు ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. 1983లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ హక్కు ఇంకా బతికే ఉందని తీర్పు చెప్పింది. తరువాత కొన్నేళ్లు రాత్రిళ్లు పడవల్లో చేపలు పొడుచుకునే ఓజిబ్వేల మీద రేవుల దగ్గర రాళ్లు రువ్విన గుంపులున్నాయి. ఆ గొడవలు చల్లారాక పుట్టిన లెక్కే 2018లో సగానికి సగం. నాకు వెంటనే మన మన్యం గుర్తొచ్చింది. చైత్రంలో ఇటుకల పండగకు మగవాళ్లు విల్లంబులు పట్టుకుని కొండెక్కే ఆనవాయితీ అరకు, పాడేరు వైపు తరాలుగా ఉంది. చట్టం దృష్టిలో ఆ రోజు కొండ మీద జరిగేది నేరం. ఊరి దృష్టిలో విత్తనాలకు ముందు జరగాల్సిన పని. ఆ రెండిటి మధ్యా కూర్చుని మాట్లాడుకున్న కాగితం మన దగ్గర లేదు. అధికారి కళ్లు మూసుకున్న ఏడు పండగ, తెరిచిన ఏడు కేసు.

బెనెజెట్ నుంచి తిరిగొస్తుంటే ట్రక్కులో వెనక సీట్లోంచి మా మేనల్లుడు మెల్లగా ఒక మాట బయటపెట్టాడు. “మావయ్యా, నేనూ అప్లై చేశాను.”

నేను వెనక్కి తిరిగి చూశాను. వేట లైసెన్సు లేకపోయినా చీటీకి దరఖాస్తు పెట్టొచ్చట. వస్తే అప్పుడు తుపాకీ శిక్షణా అదీ. వాడి ఉద్దేశం అది కాదు. తనకు వచ్చిన చీటీ ఇంకొకడికి రాదు కనుక, తను ఇంట్లో కూర్చుంటే ఒక ఎల్క్ బతుకుతుంది కదా అని. గెలిస్తే ప్రాణం కాపాడినట్టు, ఓడితే మందకు చందా ఇచ్చినట్టు. వెంకటేశ్వరస్వామి ఖాతాలో కూడా వేసుకోవచ్చని వాడి లోపలి లెక్క అయ్యుంటుంది.

పెద్దాయన స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి నవ్వాడు. ఎన్ని లైసెన్సులిస్తే ఎన్ని చస్తాయో చూసుకునే వాళ్లు లైసెన్సులు రాస్తారు, గురి తప్పేవాళ్లనీ రానివాళ్లనీ కలుపుకునే. ఈ ఏడు మిగిలింది వచ్చే ఏడు లెక్కలోకి వస్తుంది. నువ్వు దాన్ని కాపాడవు, వాయిదా వేస్తావంతే అన్నాడు. వాడు కాసేపు ఆలోచించి, వాయిదా అయినా ఒక ఏడు గడ్డి మేస్తుందిగా అన్నాడు. పెద్దాయన అందుకు ఎదురు చెప్పలేదు. చీటీ నీకొచ్చి నాకు రాకపోతే మాత్రం నీతో మాట్లాడనన్నాడు.

ఆ ఏడు ఇద్దరికీ రాలేదు. ఇద్దరూ మళ్లీ కట్టారు.